తెరమీద పరుగెత్తిన బళ్ళు అడుగు దూరంలో: లాస్ ఏంజెలిస్ పీటర్సన్ మ్యూజియం

లాస్ ఏంజెలిస్ వెళ్ళే తెలుగువాళ్ళ యాత్రా పట్టికలో యూనివర్సల్ స్టూడియోస్, హాలీవుడ్ బులెవార్డ్ మీది నక్షత్రాల కాలిబాట, కొండమీది తెల్లని అక్షరాలు తప్పకుండా ఉంటాయి. సినిమా ఎలా తయారవుతుందన్న ఆసక్తి ఉన్నవాళ్ళు మాత్రం వాటిలో ఒకదాన్ని మానుకుని అయినా సరే, విల్షైర్ బులెవార్డ్, ఫెయిర్‌ఫాక్స్ అవెన్యూ కలిసే కూడలిలో ఉన్న పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియానికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. ఇది ప్రధానంగా కార్ల మ్యూజియమే. అయితే సినిమా ఊరి మధ్యలో ఉన్నందువల్ల సినిమాల కోసం తయారైన వాహనాలకు ఇందులో ప్రత్యేకమైన స్థానం ఉంది, నేను ఈ సమీక్ష రాస్తున్నది కూడా ఆ వాహనాల గురించే. తెరమీద మనం కొన్ని క్షణాలు మాత్రమే చూసి మురిసిపోయిన బండిని ఎవరో కొందరు పనివాళ్ళు రేకు కత్తిరించి, తీగలు బిగించి, రంగు పూసి తయారుచేశారన్న సంగతి ఇక్కడ అర్థమైనంత స్పష్టంగా నాకు మరెక్కడా అర్థం కాలేదు.

హాట్ రాడ్, మోటార్ ట్రెండ్ పత్రికలను నడిపిన రాబర్ట్ పీటర్సన్, ఆయన భార్య మార్జీ పీటర్సన్ ఈ మ్యూజియానికి మూలపురుషులు. 1962లో జపాన్ కంపెనీ సేబు కోసం కట్టిన పెద్ద బట్టల దుకాణపు భవనంలో 1994లో దీన్ని ప్రారంభించారు. 2015 డిసెంబరులో పూర్తిగా కొత్త రూపుతో మళ్ళీ తెరిచినప్పటి నుంచి ఎర్రటి గోడల చుట్టూ వెండిరంగు ఉక్కు పట్టీలు గాలికి రెపరెపలాడుతున్నట్టు చుట్టుకుని ఉండే ఈ భవనం ఆ వీధికే గుర్తుగా మారింది. మొత్తం 308 ముక్కలుగా అమర్చిన ఆ పట్టీలు 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినవి. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, లోపల అందరూ ముందుగా వెతుక్కుంటూ వెళ్ళే డిలోరియన్, అంటే ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాలోని కాలయంత్రపు కారు రేకులు కూడా సరిగ్గా ఇదే రకం ఉక్కు. బయట నిలబడి ఆ పట్టీల మీద ఎండ పడే తీరును ఒక నిమిషం గమనించి లోపలికి వెళితే, మసక వెలుతురులో అదే లోహం మరోలా మెరవడం తెలుస్తుంది.

మూడు అంతస్తుల్లో విస్తరించిన ఈ మ్యూజియంలో సినిమా, టెలివిజన్ వాహనాలు ఉండేది పై అంతస్తులో. లిఫ్టులో నేరుగా పైకి వెళ్ళి, అక్కడి నుంచి మెట్ల మీదుగా కిందికి దిగుతూ చూడడం సుఖం. సినిమా బళ్ళున్న చోట దీపాలను తగ్గించి వాహనం మీద మాత్రమే వెలుతురు పడేలా అమర్చారు. ఈ పద్ధతిని నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే ఈ బళ్ళలో చాలామటుకు రాత్రి దృశ్యాల కోసం, ఛాయాగ్రాహకుడి దీపాల కింద మెరవడం కోసం తయారైనవే. పట్టపగటి వెలుతురులో పెడితే అవి తమ గుణాన్ని సగం కోల్పోతాయి.

1985లో వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ చిత్రంలోని డిలోరియన్ గురించి ఎంత రాసినా తక్కువే అనిపిస్తుంది. కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రంగా ఆ కథలో కనిపించే ఈ కారు నిజజీవితంలో ఒక విఫల వ్యాపారపు ఫలితం. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ దగ్గర డన్మరీ అనే చోట 1981 నుంచి సుమారు తొమ్మిది వేల కార్లు తయారయ్యాక, 1982లో కంపెనీ దివాలా తీసింది. అంటే సినిమా విడుదలయ్యే నాటికే ఆ కారును తయారుచేసే కర్మాగారం లేదు. రచయితలు మొదట కాలయంత్రాన్ని ఒక రిఫ్రిజిరేటరుగా ఊహించారు. పిల్లలు అది చూసి ఇంట్లో ఫ్రిజ్‌లలోకి దూరి ప్రమాదం తెచ్చుకుంటారేమోనన్న భయంతో ఆ ఆలోచన మానుకుని, కదిలే యంత్రం కావాలనుకున్నారు. రంగు పూయని ఉక్కు ఒళ్ళు, రెక్కల్లా పైకి లేచే తలుపులు ఉన్న ఈ కారును ఎన్నుకోవడం వల్లనే 1955 నాటి పల్లెటూరి రైతు కుటుంబం దాన్ని చూసి గ్రహాంతర నౌక అని భయపడే హాస్యం నమ్మదగినట్టు కుదిరింది.

ఈ మ్యూజియంలో 2016 నుంచి కొలువైనది ఆ చిత్రం కోసం సిద్ధం చేసిన మూడు కార్లలో మొదటిది. దగ్గరి షాట్లన్నిటిలో కనిపించే కారు ఇదే. దీన్ని ముందు నుంచి చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడితే అసలు విషయం తెలుస్తుంది. వెనక అద్దం ఉండవలసిన చోట పెట్టెలు, గొట్టాలు, ముడుచుకున్న లోహపు రెక్కల్లాంటి చల్లబరిచే భాగాలు కుప్పగా బిగించి ఉంటాయి. ప్లుటోనియం పోసే గది మూతగా కథలో చెలామణీ అయినది నిజానికి ఒక పాత డాడ్జ్ పొలారా కారు చక్రానికి ఉండే మూత. ఒంటి పక్కల మీదుగా పాకే లావుపాటి తీగలను దాచడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు, అవి పైకి కనిపించాలనే ఉద్దేశంతోనే అక్కడక్కడా పట్టీలతో బిగించారు. రాన్ కాబ్, ఆండ్రూ ప్రోబర్ట్ గీసిన బొమ్మలను ఆధారం చేసుకుని మైకేల్ షెఫీ పర్యవేక్షణలో పనిచేసినవాళ్ళకు ఒక విషయం స్పష్టంగా తెలుసు: ఇది పెద్ద కంపెనీ చేసిన యంత్రంలా కనిపించకూడదు, ఇంటి వెనక షెడ్డులో ఒంటరిగా పనిచేసే ఒక శాస్త్రవేత్త దొరికిన సామాను దొరికినట్టు తెచ్చి బిగించినట్టే ఉండాలి. ఆ పాత్ర స్వభావం మొత్తం ఈ కారు వెనక భాగంలో చదువుకోవచ్చు.

కిటికీ అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తే మూడు వరసల గడియారం పలక కనిపిస్తుంది. వెళ్ళవలసిన కాలం ఎరుపులో, ఉన్న కాలం ఆకుపచ్చలో, విడిచివచ్చిన కాలం పసుపులో చూపించే ఆ పలకను సినిమాలో ఒక్క షాట్ చూస్తేనే కథ అర్థమయ్యేంత తేలికగా రూపొందించారు. స్పీడోమీటరు విషయం మరీ ఆసక్తికరమైనది. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం కార్లలో గంటకు 85 మైళ్ళకు మించి అంకెలు చూపించకూడదు. కథలో మాత్రం కాలయానం మొదలవడానికి 88 మైళ్ళు, అంటే సుమారు 142 కిలోమీటర్ల వేగం కావాలి. అందుకని సినిమా కారుకు 95 మైళ్ళ దాకా అంకెలున్న పలకను ప్రత్యేకంగా తయారుచేసి పెట్టారు. తెరమీద వినిపించే ఇంజను శబ్దం కూడా ఈ కారుది కాదు, పోర్షే 928ది. నాతో వచ్చిన మా మేనల్లుడు చాలాసేపు మౌనంగా చూసి, “మావయ్యా, మరి ఇందులో ఈ కారు సొంతం ఏముంది?” అని అడిగాడు. అంకెలు వేరే, శబ్దం వేరే, మూత వేరే కారుది అయినా వాటన్నిటినీ కలిపి చూసినప్పుడు ఒక్క యంత్రంలా నమ్మించిన పనితనమే దీని సొంతమని నేను చెప్పిన జవాబు వాడికి నచ్చిందో లేదో తెలియదు గాని, ఆ తరువాత ప్రతి బండినీ ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందోనని వెతుకుతూ చూశాడు.

ఈ కారు ఈ స్థితిలో మనకు దక్కడం కూడా తేలికగా జరగలేదు. మూడు భాగాల చిత్రీకరణ ముగిశాక చాలా ఏళ్ళు స్టూడియో ఆవరణలో ఎండకూ వానకూ నిలిచి, సందర్శకులు తలా ఒక ముక్కా పీక్కుపోగా శిథిలమైన దీన్ని 2011, 2012 సంవత్సరాల్లో జో వాల్సర్ ఆధ్వర్యంలో ఒక బృందం మళ్ళీ నిలబెట్టింది. సినిమాలోని ఒక్కొక్క ఫ్రేమునూ ఆపి చూస్తూ ఏ మీట ఎక్కడ ఉండేదో, ఏ తీగ ఏ రంగులో ఉండేదో సరిచూసుకుంటూ చేసిన పని అది. ఒక చిత్రపు సామగ్రిని ఇంత గౌరవంతో పునరుద్ధరించడం చూసినప్పుడు నాకు కలిగిన ఆనందానికి వెంటనే కొంచెం బాధ కూడా తోడైంది. ఆ బాధ ఎందుకో తరువాత చెబుతాను.

టిమ్ బర్టన్ 1989లో తీసిన ‘బ్యాట్‌మన్’ చిత్రపు కారు ముందు నిలబడితే మొదట తోచేది దాని పొడవు. దాదాపు ఆరున్నర మీటర్లు ఉండే ఈ నల్లని వాహనం కింద ఉన్నది సాగదీసిన షెవ్రొలే ఇంపాలా కారు ఛాసిస్, అంటే అడుగు చట్రం. ఆంటన్ ఫర్స్ట్ ఆ చిత్రం కోసం సృష్టించిన గాథమ్ నగరం మొత్తం పొగచూరిన కోటగోడల్లా ఉంటుంది, ఆయనకు కళాదర్శకత్వానికి ఆస్కార్ తెచ్చిపెట్టిన ఆ లోకంలోంచే ఈ కారు కూడా పుట్టింది. ముందు భాగంలో జెట్ ఇంజను నోరు లాంటి గుండ్రని ద్వారం, వెనక గబ్బిలపు రెక్కల్లా లేచిన తోకలు, మధ్యలో ముందుకు జరిగి తెరుచుకునే పైకప్పు. డిలోరియన్‌లో తీగలన్నీ పైకి కనిపిస్తే ఇందులో ఏదీ కనిపించదు. చెక్కిన నల్లరాయిలా ఉంటుంది. కథానాయకుడు ముఖం దాచుకునే మనిషి కనుక అతని బండి కూడా తన పనితీరును దాచుకుంటుందన్నది నాకు తోచిన అర్థం.

దీనికి ముందు 1966 టెలివిజన్ ధారావాహికలో వాడిన బ్యాట్‌మొబైల్ కథ పూర్తిగా వేరు. ఇటలీలో గియా సంస్థ చేతితో తయారుచేసిన 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే నమూనా కారును జార్జ్ బారిస్ ఒక్క డాలరుకు కొని, కొద్ది వారాల వ్యవధిలో దాన్ని గబ్బిలపు కారుగా మార్చాడు. 2013లో వేలంపాటలో అది 42 లక్షల డాలర్లకు పాట పలికింది, రుసుములతో కలిపితే 46 లక్షలు దాటింది. 1966 నాటిది అప్పటికే ఉన్న కారును మార్చడం, 1989 నాటిది ఒక నగరాన్నే ఊహించి దానికి తగిన కారును కట్టడం. నా మట్టుకు నేను రెండోదానికే ఓటు వేస్తాను.

తెలుగు సినిమా చూసేవాళ్ళకు హీరోకు డూప్ ఉంటాడని తెలుసు. బళ్ళకూ డూప్‌లు ఉంటాయన్నది ఈ ప్రదర్శనలో చూసేవాడికి మెల్లగా బోధపడే సత్యం. డిలోరియన్ మూడింటిలో రెండోది దూకుళ్ళకూ విన్యాసాలకూ వాడినది, మూడోదాన్ని కెమెరా లోపల పట్టేలా ముక్కలుగా కోసి నటీనటుల దగ్గరి షాట్లు తీశారు. ఇదే మ్యూజియంలో 2021 సెప్టెంబరు నుంచి ఏడాదికి పైగా నడిచిన జేమ్స్ బాండ్ చిత్రాల వాహనాల ప్రదర్శన కూడా ఇలాంటి వివరాలతోనే నిండి ఉండేది. ఆ చిత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ 1977 నాటి ‘ది స్పై హూ లవ్డ్ మి’లో సముద్రంలోకి దూకి జలాంతర్గామిగా మారే లోటస్ ఎస్ప్రీ. చక్రాలు లోపలికి ముడుచుకోవడం, రెక్కలు బయటికి రావడం, కిటికీలు మూసుకోవడం మనకు ఒకే కారులో జరిగినట్టు కనిపిస్తుంది గాని, ఒక్కొక్క దశకు ఒక్కొక్క కారు గుల్లను విడిగా సిద్ధం చేశారు. నీటిలో నిజంగా కదిలినది ఫ్లోరిడాలో పెర్రీ అనే సముద్రయంత్రాల సంస్థ తయారుచేసిన గుల్ల. లోపల పొడిగా ఉండేది కాదు, నీళ్ళు నిండిపోయేవి, గాలి సిలిండరు తగిలించుకున్న ఈతగాడు లోపల కూర్చుని బ్యాటరీ మోటార్లతో నడిపాడు. చిత్రీకరణ తరువాత న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో ఒక అద్దె గోదాములో పడి ఉన్న దాన్ని, లోపల ఏముందో తెలియకుండానే 1989లో ఒకరు నామమాత్రపు ధరకు వేలంలో పాడుకున్నారు. 2013లో లండన్ వేలంలో దాన్ని కొన్నది ఎలాన్ మస్క్. సినిమా ముగిసిన మరుక్షణం నుంచి ఇలాంటి వస్తువులకు ఎవరూ దిక్కులేని కాలం ఒకటి ఉంటుంది, విలువ తెలిసేది దశాబ్దాలు గడిచాకనే.

ఇక్కడ మరో నగరంలో నాకు ఎదురైన ఒక అనుభవాన్ని చెప్పక తప్పదు. ఒక పెద్ద షాపింగ్ కేంద్రంలో ఏర్పాటైన సినిమా కార్ల సంచార ప్రదర్శనకు టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. వరసగా నిలబెట్టిన కార్ల ముందు చిత్రం పేరు, విడుదల సంవత్సరం మాత్రమే రాసి ఉన్నాయి. అవి తెరమీద కనిపించినవా, ప్రచారం కోసం స్టూడియో చేయించినవా, లేక అభిమానులు తమ ముచ్చట కొద్దీ కట్టుకున్న నకళ్ళా అన్నది ఎక్కడా రాయలేదు. అక్కడ పనిచేసే అబ్బాయిని అడిగితే “సినిమాలోవే సార్” అన్నాడు. అతని వెనక ఉన్న డిలోరియన్ స్పీడోమీటరులో 85 దాటి అంకెలే లేవు. నకలు పెట్టడం తప్పని నేను అనను. అభిమానులు కట్టిన నకళ్ళలో కొన్ని గొప్ప శ్రద్ధతో చేసినవి, వాటిని వాటి పేరుతోనే చూపిస్తే అంతే గౌరవంతో చూస్తాం. నకలును అసలు అని నమ్మించి డబ్బు తీసుకోవడం మాత్రం చూసేవాళ్ళకూ, అసలును తయారుచేసిన పనివాళ్ళకూ కూడా చేసే అన్యాయం. పీటర్సన్‌లో నాకు అన్నిటికన్నా తృప్తి కలిగించినది ఈ విషయంలో వాళ్ళు పాటించే నిజాయితీ: ఏ కారు ఏ షాట్లకు వాడారో, ఎప్పుడు మరమ్మతు చేశారో చెప్పిన తరువాతనే మిగతా గొప్పలు చెబుతారు.

ఇదే నిజాయితీకి మరింత చక్కని ఉదాహరణ రోడ్డు దాటితే దొరుకుతుంది. విల్షైర్ బులెవార్డ్‌కు అటువైపు, 1939 నాటి మే కంపెనీ దుకాణపు భవనంలో 2021 సెప్టెంబరు 30న ప్రారంభమైన అకాడమీ మ్యూజియం ఉంది. ఆస్కార్లు ఇచ్చే సంస్థే దీన్ని నడుపుతుంది. కార్లు చూసిన కళ్ళతో సినిమా సామగ్రి కూడా చూడాలనుకునేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే రోజున పెట్టుకోవచ్చు. మూడో అంతస్తులో ఎస్కలేటర్ల మీదుగా పైకప్పు నుంచి 25 అడుగుల సొరచేప వేలాడుతుంటుంది. స్పీల్‌బర్గ్ 1975లో తీసిన ‘జాస్’ చిత్రపు సొరచేప అది. చిత్రంలో నటించిన యంత్రపు సొరచేపలు మూడూ ఎప్పుడో నాశనమయ్యాయి. ఇది అదే అచ్చులోంచి ఫైబర్‌గ్లాసుతో పోసి, యూనివర్సల్ స్టూడియోస్‌లో సందర్శకులు పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి పెట్టినది. తరువాత సన్ వ్యాలీలోని ఒక పాత కార్ల తుక్కు దుకాణంలో పాతికేళ్ళ పాటు తాటిచెట్ల మధ్య వేలాడి, 2016లో మ్యూజియానికి దానంగా చేరింది. మేకప్, ప్రత్యేక ప్రభావాల నిపుణుడు గ్రెగ్ నికొటెరో దాన్ని బాగుచేశాడు. ఇది తెరమీద కనిపించలేదని మ్యూజియమే చెబుతుంది, అయినా చూసేవాళ్ళకు దాని మీది మోజు రవ్వంత కూడా తగ్గదు. ఎస్కలేటరు ఎక్కుతూ తలెత్తి దాని దంతాలను చూసినవాళ్ళు ఒక్క క్షణం ఆగని సందర్భం నాకు కనిపించలేదు.

1939 నాటి ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’లో జూడీ గార్లండ్ ధరించిన ఎర్రని తళుకుల చెప్పుల జతల్లో ఒకటి కూడా ఈ సంస్థ దగ్గర ఉంది. లియొనార్డో డికాప్రియో, స్పీల్‌బర్గ్ ముందు నిలిచి ఇచ్చిన విరాళాలతో 2012లో దాన్ని సంపాదించారు. ఆ చెప్పులకూ డూప్‌లు ఉన్నాయి: మరో జతను 2005లో మిన్నెసోటాలోని ఒక మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోగా 2018లో ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది, 2024 డిసెంబరులో అది వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పాట పలికింది.

పీటర్సన్ నేలమాళిగలోని వాల్ట్‌కు ప్రవేశ రుసుము విడిగా చెల్లించాలి. 250కి పైగా వాహనాలున్న ఆ చోట సినిమా కార్ల కన్నా సినిమావాళ్ళ కార్లూ, దేశాధినేతల కార్లూ, పందెపు కార్లూ ఎక్కువ. మ్యూజియం సేకరణలో ఉన్న హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ సొంత జాగ్వార్ ఎక్స్‌కేఎస్‌ఎస్ అందమైన ఆకుపచ్చ కారు. కార్ల చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు వాల్ట్‌ను తప్పక చూడాలి. సినిమా కోసమే వెళ్ళినవాళ్ళు, అందులోనూ చిన్నపిల్లలతో వెళ్ళినవాళ్ళు ఆ డబ్బుతో, ఆ సమయంతో రోడ్డు దాటడమే మేలు.

ఇప్పుడు నా బాధ గురించి. డిలోరియన్ ముందు నిలబడినప్పుడు సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ గుర్తుకురాని తెలుగువాడు ఉండడు. శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెనక్కి, 2504వ సంవత్సరానికి ముందుకు మనల్ని తీసుకువెళ్ళిన ఆ యంత్రాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్ చేతికి రాని రోజుల్లో కళాదర్శకుడూ, వడ్రంగులూ, ఎలక్ట్రీషియన్లూ కలిసి సెట్టు మీద నిజంగా నిలబెట్టారు. దాన్ని అడుగు దూరం నుంచి చూడాలని, ఏ మీట దేనితో చేశారో మా మేనల్లుడికి చూపించాలని నాకు ఎంతో కోరిక. అమెరికాలో ఒక కారు మీది తీగ రంగును ఫ్రేము ఆపి సరిచూసుకున్న శ్రద్ధలో పదోవంతు మన సామగ్రికి దక్కినా, సెట్టు విప్పేశాక ప్లైవుడ్డు వేరు, ఇనుము వేరు చేసి తూకానికి వేసే అలవాటు కొంతైనా తగ్గేది.

ఆశ లేకపోలేదు. ‘బాహుబలి’ మాహిష్మతి సెట్లను రామోజీ ఫిలిం సిటీ కూల్చకుండా ఉంచి సందర్శకులకు చూపిస్తోంది. ఆ చిత్రంలో తిరిగే కత్తులతో సైన్యాన్ని చీల్చుకుంటూ వచ్చే భల్లాలదేవుడి రథం లోపల ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజను ఉందని కళాదర్శకుడు సాబు సిరిల్ చెప్పినప్పుడు ఆశ్చర్యపోని సినిమా అభిమాని లేడు. ఆ రథం పైకప్పు తీసి, ఇంజను కనిపించేలా నిలబెట్టి, పక్కన దాన్ని తయారుచేసినవాళ్ళ పేర్లు రాసిపెడితే పీటర్సన్‌లోని ఏ వాహనానికీ అది తీసిపోదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ బుజ్జి మరింత పెద్ద ముందడుగు. నాగ్ అశ్విన్ అడిగిన మీదట ఆనంద్ మహీంద్రా సంస్థ ఇంజనీర్లు, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ కలిసి దాదాపు ఆరు టన్నుల బరువుతో, ముందు రెండు భారీ చక్రాలు, వెనక గోళాకారపు చక్రంతో నిజంగా నడిచే బండిగా దాన్ని కట్టారు. ఆ ఏడాది మే 22న రామోజీ ఫిలిం సిటీ వేడుకలో ప్రభాస్ దాన్ని స్వయంగా నడుపుకుంటూ వచ్చాడు, తరువాత అది పలు నగరాలు తిరిగింది. 1989 బ్యాట్‌మొబైల్ పాత ఛాసిస్ మీద కట్టినది కాగా బుజ్జిని మొదటి నుంచీ కొత్తగా రూపొందించారన్నది గుర్తుంచుకుంటే, ఇంజనీరింగ్ పరంగా మన బండి ఎంత సాహసమో తెలుస్తుంది. దానికి హైదరాబాదులో ఒక శాశ్వతమైన గది, దాని గీతల బొమ్మలతో, విఫలమైన నమూనాలతో సహా ఏర్పాటు కావాలి. అప్పుడు దాని సమీక్ష ఇంతకు రెట్టింపు పొడవున రాస్తాను.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు దగ్గరలో ఉన్నది చెన్నై వడపళనిలోని ఏవీఎం హెరిటేజ్ మ్యూజియం. 1958లో ‘భూకైలాస్’ను మనకు అందించిన స్టూడియోలోనే 2023 మేలో ముఖ్యమంత్రి స్టాలిన్ చేతుల మీదుగా ప్రారంభమైన అందులో నలభైకి పైగా పాత కార్లతో పాటు పాతకాలపు కెమెరాలు, చిత్రీకరణ సామగ్రి ఉన్నాయి. తిరుపతి, నెల్లూరు నుంచి ఒక్కరోజులో వెళ్ళిరావచ్చు.

పీటర్సన్‌కు వెళ్ళేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సినిమా వాహనాల్లో కొన్ని ఇతర ప్రదర్శనలకు వెళుతూ వస్తూ ఉంటాయి, తాత్కాలిక ప్రదర్శనలు మారుతుంటాయి. మీరు చూడదలచుకున్న బండి ఆ రోజు అక్కడ ఉందో లేదో మ్యూజియం వెబ్‌సైటులో చూసుకుని టికెట్టు కొనండి. కారులో వెళితే మ్యూజియం సొంత పార్కింగు ఉంది. ఉదయం తెరవగానే పై అంతస్తుకు వెళితే బడిపిల్లల బృందాలు రాకముందే డిలోరియన్ చుట్టూ తీరిగ్గా తిరగవచ్చు. సినిమా గదికి ఒక గంట, మిగతా అంతస్తులకు మరో గంట సరిపోతాయి. ముందురోజు రాత్రి పిల్లలతో కలిసి ఆ 1985 చిత్రాన్ని మళ్ళీ ఒకసారి చూడండి, ప్లుటోనియం గది మూత, మూడు వరసల పలక, స్పీడోమీటరు ఎక్కడెక్కడ కనిపిస్తాయో వాళ్ళనే గుర్తుపెట్టుకోమనండి.